సరుకు ఎవరి గడపకు ముందు చేరుతుంది? నెల్లూరు తీరం 400 ఏళ్ళ లెక్క

ఈసారి పోస్టు పెద్దది. అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తా. పోయిన ఏడాది మా తమ్ముడికి ఒక ప్రవేశ పరీక్ష ఉండింది. మోడల్ పేపర్ల పుస్తకం కావాలన్నాడు. నేను నెల్లూరు హాస్టల్ నుంచి ఫోన్లో ఆర్డర్ పెట్టి, సముద్రం పక్కన ఉండే మా కాలనీ అడ్రస్ ఇచ్చినా. అదే రాత్రి మా రూమ్మేట్ కూడా అదే పుస్తకం ఇంకో యాప్‌లో హాస్టల్ అడ్రస్‌కు పెట్టినాడు. వాడి పుస్తకం మూడో రోజు మధ్యాహ్నం వచ్చేసింది. మాది రాలేదు. ఒకసారి "అడ్రస్ దొరకలేదు" అని మెసేజ్, ఇంకోసారి "ఫోన్ కలవలేదు" అని మెసేజ్. పదకొండో రోజు ఫోన్ చేసి, "మీ ఊరు మా రూట్‌లో లేదు, సెంటర్‌కు వచ్చి తీసుకోండి" అన్నారు. సెంటర్ 14 కిలోమీటర్లు. మా నాయన రొయ్యల గుంటల కాడ కాపలా పని. ఆ రోజు కూలి పోగొట్టుకుని, ఎవరిదో బండి అడుక్కుని పోయి తెచ్చినాడు. పరీక్ష ముందు రోజే అయిపోయింది.

అమ్మ ఒకటే మాట అన్నింది. "మనకు ఏదీ టైముకు రాదులే నాయనా."

ఆ మాట నన్ను వదల్లేదు. నేను చదివేది హిస్టరీ. ఒకే పుస్తకం, ఒకే రాత్రి, ఒకే జిల్లా. ఒకడికి మూడు రోజులు, ఇంకొకడికి పదకొండు రోజులు. ఇది తలరాత అని ఒప్పుకోబుద్ధి కాలేదు. కొన్ని షాపులు ఎందుకు తొందరగా తెచ్చిస్తాయి, కొన్ని ఎందుకు ఆలస్యం చేస్తాయి, కొన్ని ఊర్లకు ఎందుకు అసలు రావు అని చదవడం మొదలుపెట్టినా. చదవగా చదవగా అర్థమైంది ఏందంటే, ఇది ఫోన్లు వచ్చాక పుట్టిన సమస్య కాదు. మన తీరంలోనే దీనికి 400 ఏళ్ళ కథ ఉండాది. అందులో మన యానాదులం కూడా ఉండాం.

1. గిడ్డంగి ముందు, పరుగు తర్వాత

సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు వాళ్ళకు దుగరాజపట్నం తెలుసు. ఇప్పుడు చిన్న ఊరు. పోర్టు కడతారని అప్పుడప్పుడు పేపర్లో వస్తుంటుంది. కానీ 1626లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్ళు ఇక్కడ దిగి వ్యాపార కేంద్రం పెట్టుకున్నారు. వాళ్ళు దీన్ని ఆర్మగాన్ అని పిలిచారు. ఆరుముగం ముదలియార్ అనే స్థానిక పెద్దమనిషి వాళ్ళకు సాయం చేసినాడనీ, ఆయన పేరు మీదే ఆ పేరు వచ్చిందనీ చెబుతారు. చెన్నపట్నం అప్పటికి ఇంకా లేదు. కొంచెం దక్షిణాన పులికాట్‌లో డచ్చివాళ్ళు 1610 నాటికే పాతుకుపోయి, 1613లో కోట కూడా కట్టుకున్నారు.

ఈ కేంద్రాలను వాళ్ళు "ఫ్యాక్టరీ" అన్నారు. నేను మొదట యంత్రాలు ఉండే ఫ్యాక్టరీ అనుకున్నా. కాదు. అది గిడ్డంగి. కంపెనీ మనుషులు ఉండి సరుకు కొని నిలవ చేసే చోటు. ఇంగ్లీషులో వాడే గోడౌన్ అనే మాట కూడా మన గిడ్డంగి, తమిళుల కిడంగు దగ్గర్నుంచే మలయ్ భాష మీదుగా పోయిందని భాష తెలిసినవాళ్ళు అంటారు.

గిడ్డంగి ఎందుకు? వాళ్ళకు కావాల్సింది మన నేత గుడ్డ. ఓడ గాలిని బట్టి వస్తుంది. అక్టోబరులో ఈశాన్య రుతుపవనం దిగితే మన తీరంలో ఓడ నిలబడలేదు, వాయుగుండాలు మీకు తెలిసిందే. కాబట్టి వచ్చిన ఓడ తొందరగా సరుకు ఎక్కించుకుని పోవాలి. ఓడ వచ్చాక నేతగాళ్ళ దగ్గరకు పోయి "నెయ్యండి" అంటే నెలలు పడుతుంది. అందుకని ముందే అడ్వాన్సులు ఇచ్చి, గుడ్డ నేయించి, గిడ్డంగిలో పెట్టుకునేవాళ్ళు. ఎవరి గిడ్డంగి నిండుగా ఉంటే వాళ్ళ ఓడ ముందు బయల్దేరుతుంది. గిడ్డంగి ఖాళీగా ఉంటే ఎంత మంచి ఓడైనా ఊరికే నిలబడాల్సిందే.

దుగరాజపట్నంలో ఇంగ్లీషువాళ్ళకు మంచి గుడ్డ కావాల్సినంత దొరకలేదు. అక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే అనే ఆయన దక్షిణాన వెతికి 1639లో మద్రాసు స్థలం సంపాదించినాడు. అక్కడ గుడ్డ చౌక అని కంపెనీని ఒప్పించినాడు. మరుసటి సంవత్సరం వాళ్ళు మూటాముల్లె సర్దుకుని అక్కడికి పోయారు. ఆ చోటు మహానగరం అయింది, దుగరాజపట్నం ఊరుగా మిగిలింది.

ఆ గుడ్డలకు ఎర్ర రంగు వేసేది చిరివేరుతో. తీరం ఇసుకలో పెరిగే చిన్న మొక్క వేరు అది. దాన్ని తవ్వి తెచ్చిన చేతుల్లో మన పెద్దల చేతులు కూడా ఉండాయి. గుడ్డ మీద కంపెనీ ముద్ర ఉంటుంది, చిరివేరు తవ్వినోడి పేరు ఎక్కడా ఉండదు.

ఇక్కడ నాకు అర్థమైన మొదటి పాఠం: తొందర అనేది పరుగులో లేదు. సరుకు ముందే దగ్గర్లో ఉందా లేదా అనేదాంట్లో ఉండాది. ఈరోజు పెద్ద ఆన్‌లైన్ కంపెనీలు చేసేదీ ఇదే. దీని గురించి కింద చెప్తా.

2. కాలువ: మన కట్టెలు మద్రాసుకు

బకింగ్‌హాం కాలువ మనలో చాలామంది చూసే ఉంటారు. పీతల కోసం, చేపల కోసం దాంట్లో దిగినవాళ్ళం కూడా ఉండాం. ఇప్పుడు గుర్రపుడెక్క, బురద. ఒకప్పుడు అదే మన తీరానికి హైవే.

1806లో బేసిల్ కోక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు దాకా ముక్క తవ్వించినాడు. తర్వాత పులికాట్ దాకా పోయింది. 1837లో ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆ తర్వాత నెల్లూరు తీరం పొడుగునా ఉత్తరంగా పెద్దగంజాం దాకా పాకింది. అక్కడ కొమ్మమూరు కాలువతో కలిసి కృష్ణా డెల్టాకు దారి ఇచ్చింది. 1876-78లో వచ్చిన ధాత కరువు గురించి వినే ఉంటారు. ఆ కరువులో తిండి లేని జనానికి కూలి పని అని చెప్పి మద్రాసు నగరం లోపల ముక్కను తవ్వించి ఉత్తర కాలువను, దక్షిణ కాలువను కలిపారు. అప్పటి గవర్నర్ బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. పెద్దగంజాం నుంచి తమిళనాడు మరక్కాణం దాకా మొత్తం 420 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అంటే కడుపు మాడిన మనుషులు తవ్విన దారి అది.

దాంట్లో ఏం పోయేవి? బియ్యం, ఉప్పు, సున్నం కాల్చే గుల్లలు, అన్నిటికన్నా ఎక్కువగా మద్రాసు పొయ్యిలకు వంటకట్టెలు. ఎద్దుల బండి రోజుకు 20, 25 కిలోమీటర్లు పోతే గొప్ప. వానొస్తే ఇసుకలో, బురదలో కూరుకుపోతుంది. పడవ మెల్లగానే పోతుంది, గెడలతో తోస్తారు, కట్ట మీద నడుస్తూ తాడుతో లాగుతారు, గాలి ఉంటే తెరచాప ఎత్తుతారు. కానీ ఒక్క పడవ మోసే బరువుకు ఎన్నో బండ్లు కావాలి. నడిస్తే చాలు, ఆగకుండా నడిస్తే చాలు. కాలువ ఒడ్డున ఉన్న ఊరికి సరుకు వస్తుంది, పోతుంది. కాలువకు దూరంగా ఉన్న ఊరు వేచి చూస్తుంది.

ఇక్కడ శ్రీహరికోట సంగతి చెప్పాలి. మద్రాసులో వంటకట్టెల గిరాకీ పెరగడంతో 1835లో ప్రభుత్వం శ్రీహరికోట దీవిని నేరుగా తన చేతిలోకి తీసుకుంది. అక్కడ ఉండింది మన యానాదులు. అడవిలో తేనె, వేర్లు, దుంపలు తెచ్చుకుంటూ బతికినవాళ్ళు. వాళ్ళ చేత కట్టెలు కొట్టించారు, అడవి సరుకు తెప్పించారు. బదులుగా బియ్యం, గుడ్డలు లాంటివి ఇచ్చేవాళ్ళు. మద్రాసులో ఎవరింట్లోనో పొద్దున్నే పొయ్యి వెలగాలంటే శ్రీహరికోటలో మన తాత గొడ్డలి పట్టుకోవాలి.

రెండో పాఠం ఇక్కడ దొరికింది. తొందరకు ఒక దిక్కు ఉంటుంది. మన తీరం నుంచి పోవాల్సింది ఎప్పుడూ తొందరగానే పోయింది. మన దాకా రావాల్సిందే ఆలస్యం. ఇప్పుడు కూడా చూడండి. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక మన తీరమంతా గుంటలే. పట్టుబడి రోజు ఐసు లారీ అర్ధరాత్రి అయినా గుంట గట్టు దాకా వస్తుంది. గంటల్లో రొయ్య ప్రాసెసింగ్ ప్లాంటులో ఉంటుంది, తర్వాత అమెరికా పోతుంది. మా నాయన కాపలా కాసే గుంటకు లారీ దారి తప్పదు. అదే గుంట పక్కన ఉండే మా ఇంటికి ఒక పుస్తకం తెచ్చేవాడికి మాత్రం దారి దొరకదు.

3. రైలు పక్క నుంచి పోయింది

1899 నాటికి బెజవాడకూ మద్రాసుకూ రైలు దారి కలిసింది. కావలి, బిట్రగుంట, నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట అన్నీ దాని మీద వచ్చాయి. మ్యాపు తీసి చూడండి. ఆ గీత సముద్రం ఒడ్డున లేదు, లోపలగా పోయింది. తర్వాత పెద్ద రోడ్డు కూడా దాదాపు ఆ గీత పక్కనే పోయింది. ఒకప్పుడు ఐదో నంబరు జాతీయ రహదారి అనేవాళ్ళు, ఇప్పుడు 16 అంటున్నారు. చెన్నై, కోల్‌కతా లారీలన్నీ దాని మీదే.

కాలువ రోజుల్లో దారి మీద ఉన్న తీరం ఊర్లు రైలు రోజుల్లో దారికి పక్కన పడిపోయాయి. ఊరు కదల్లేదు, దారి కదిలింది. 1960ల్లో, 70ల్లో వచ్చిన తుపాన్లకు కాలువ దెబ్బతింది, పూడిపోయింది, పడవలు ఆగిపోయాయి. 2004 సునామీ రోజు ఆ పాడుబడిన కాలువే చాలా చోట్ల సముద్రం నీళ్ళను తనలోకి తీసుకుని వెనక ఊర్లను కాపాడింది. 2008లో దాన్ని జాతీయ జలమార్గం 4లో కలిపారు. మా వైపు మాత్రం ఇంకా పీతల కాలువగానే ఉండాది.

ఈరోజు ఏ కొరియర్ సెంటర్ ఎక్కడ ఉందో చూడండి. రైలు, పెద్ద రోడ్డు గీత మీదే ఉంటుంది. మా పార్సిల్ ఆగిపోయిన 14 కిలోమీటర్లు అంటే, రైలు గీతకూ పాత కాలువకూ మధ్య ఉన్న దూరమే.

4. మనం ఎక్కడున్నామో ఎవరికి తెలుసు?

ఇది రాసేటప్పుడు నాకు బాధేసింది. అయినా రాయాలి. బ్రిటిష్ వాళ్ళు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. మన యానాదుల్లో కొందరిని కూడా ఆ జాబితాలో పెట్టారు. మన జిల్లాలో కప్పరాళ్ళతిప్ప సెటిల్‌మెంట్ ఆ కాలందే. ఆ చట్టం కింద ఉన్నోళ్ళు హాజరు వేయించుకోవాలి, బయటికి పోవాలంటే పాసు తీసుకోవాలి. మద్రాసు రాష్ట్రంలో 1947లో ఆ చట్టం పోయింది, దేశమంతా 1952లో పోయింది. మన కోసం పోరాడిన వెన్నెలకంటి రాఘవయ్య గారి పేరు ఈ గ్రూపులో అందరికీ తెలుసు.

దీనికీ పార్సిల్‌కూ ఏం సంబంధం అంటారా? అప్పుడు మనోడు రాత్రి ఎక్కడ పడుకున్నాడో సర్కారు పుస్తకంలో రాసుకునేది. ఇప్పుడు మన ఇంటికి డోర్ నంబర్ లేదు, కాలనీకి బోర్డు లేదు, చాలామందికి ఏళ్ళ తరబడి ఆధార్ కూడా లేదు. పట్టుకోవాలంటే అడ్రస్ దొరికింది. ఇవ్వాలంటే దొరకడం లేదు.

5. పోస్టు అన్న సైకిల్

పోస్టాఫీసు కథ వేరే. ఇప్పుడు మనం క్యాష్ ఆన్ డెలివరీ అంటున్నది కొత్తది కాదు. 1877లోనే మన దేశంలో వీపీపీ మొదలైంది. ఊర్లో కూర్చుని కార్డు రాస్తే పుస్తకమో, మందో, గడియారమో పోస్టులో వచ్చేది. పోస్టుమ్యాన్‌కు డబ్బులు కట్టి తీసుకునేవాళ్ళు.

1972 ఆగస్టు 15న పిన్ కోడ్ వచ్చింది. శ్రీరామ్ భికాజీ వేలంకర్ అనే అధికారి దాన్ని తయారు చేశారు. ఎందుకంటే దేశంలో ఒకే పేరు ఊర్లు చాలా, భాషలు చాలా. మన జిల్లాలోనే కొత్తపాలెం అనే ఊర్లు ఎన్ని ఉండాయో లెక్కపెట్టండి. పిన్ కోడ్‌లో మొదటి అంకె ప్రాంతం. 5 అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక. మొదటి మూడు అంకెలు కలిపితే ఉత్తరాలు విడదీసే జిల్లా. మనది 524. చివరి మూడు పంచే పోస్టాఫీసు. 524001 నెల్లూరు పెద్ద పోస్టాఫీసు, 524124 శ్రీహరికోట. 2022లో జిల్లాలు మార్చి సూళ్లూరుపేట, తడ వైపును తిరుపతి జిల్లాలో కలిపినా 524 మాత్రం అట్లాగే ఉండాది.

పోస్టుకూ ప్రైవేటు వాళ్ళకూ తేడా ఒకటుంది. పోస్టాఫీసు "మీ ఊరు మా రూట్‌లో లేదు" అనకూడదు. దేశంలో లక్షన్నరకు పైగా పోస్టాఫీసులు ఉంటే పదింట తొమ్మిది పల్లెల్లోనే ఉండాయి. లాభం వస్తుందని కాదు, ఉత్తరం అందడం మనిషి హక్కు అని పెట్టారు. ప్రైవేటు కంపెనీ పిన్ కోడ్‌ల జాబితా పెట్టుకుని, గిట్టుబాటు అయితే ఉంచుతుంది, కాకపోతే తీసేస్తుంది.

ఇది మన దేశంలోనే కాదు. అమెరికాలో కూడా పల్లె రైతులు ఒకప్పుడు ఉత్తరం కోసం టౌనుకు పోవాల్సి వచ్చేది. 1896లో ప్రభుత్వం పల్లె ఇళ్ళకు ఉచిత పోస్టు మొదలుపెట్టింది. పెద్ద పార్సిళ్ళు మాత్రం ప్రైవేటు ఎక్స్‌ప్రెస్ కంపెనీల చేతిలోనే ఉండేవి. ప్రభుత్వం ఆ పనిలోకి రావద్దని వాళ్ళు గట్టిగా అడ్డుపడ్డారు. అయినా 1913 జనవరి 1న పార్సిల్ పోస్టు మొదలైంది. సియర్స్ లాంటి షాపులు కేటలాగు పంపి, పల్లెలకు సరుకు అమ్మి పెద్దవైపోయాయి. అంటే పల్లెకు సరుకు తొందరగా రావడం షాపువాడి మంచితనం వల్ల కాదు. ప్రభుత్వం దారి వేస్తే ఆ దారి మీద షాపు వచ్చింది.

6. ఇప్పుడు యాప్‌లో ఏం జరుగుతాది

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒక షాపు ఎందుకు రెండు రోజుల్లో తెస్తుంది, ఇంకోటి ఎందుకు పది రోజులు? మా బావ ఒకాయన రెండేళ్ళు పార్సిల్ బ్యాగు మోసినాడు. ఆయన చెప్పిందీ, నేను చదివిందీ కలిపి రాస్తున్నా.

ఒకటి, సరుకు ఎక్కడుంది అనేది. మనం యాప్‌లో కొనేది చాలాసార్లు ఆ కంపెనీ సరుకు కాదు, దాంట్లో అమ్ముకునే వేరే వ్యాపారిది. కొందరు వ్యాపారులు ముందే తమ సరుకును కంపెనీ గిడ్డంగిలో పెట్టి ఉంచుతారు. ఏ పిన్ కోడ్ నుంచి ఏ వస్తువు ఎక్కువగా అడుగుతున్నారో పాత ఆర్డర్లు చూసి, అడగకముందే దగ్గర గిడ్డంగికి పంపుతారు. మనం బటన్ నొక్కేసరికి ఆ వస్తువు హైదరాబాదులోనో చెన్నై పక్కనో ఉంటుంది. దుగరాజపట్నంలో ఓడ రాకముందే గుడ్డ గిడ్డంగిలో ఉండాలి అన్నారే, అదే లెక్క. ఇంకొందరు ఆర్డర్ వచ్చాక తమ షాపు నుంచే ప్యాక్ చేసి పంపుతారు. సూరత్ నుంచి చీర రావాలంటే వారం పట్టడంలో తప్పు లేదు. ఆ చీర చౌకగా రావడానికి కారణం కూడా అదే. గిడ్డంగి అద్దె లేదు, నిలవ పెట్టే డబ్బు లేదు.

రెండు, లారీ ఎప్పుడు బయల్దేరుతుంది అనేది. ఆర్డర్లు బాగా ఉండే కంపెనీకి ప్రతి రాత్రీ లారీ నిండుతుంది, టైముకు పోతుంది. ఆర్డర్లు తక్కువ ఉండేవాడు లారీ నిండే దాకా ఆగుతాడు, లేదా వేరేవాళ్ళ లారీలో చోటు కోసం చూస్తాడు. సాయంత్రం ఒక టైము దాటి ఆర్డర్ పెడితే ఆ రోజు లారీ తప్పిపోతుంది, అక్కడే ఒక రోజు పోతుంది. పెద్దది ఇంకా తొందరగా అవుతుంది, తొందరగా ఇస్తుందని జనం అక్కడే కొంటారు, అది ఇంకా పెద్దదవుతుంది.

మూడు, ఎన్ని చేతులు మారుతుంది అనేది. కొన్ని కంపెనీలకు సొంత డెలివరీ వ్యవస్థ ఉంది. కొన్ని కొరియర్‌కు అప్పగిస్తాయి, ఆ కొరియర్ మళ్ళీ మన మండలంలో ఇంకొకరికి కాంట్రాక్టు ఇస్తాడు. చేయి మారిన ప్రతిసారీ దించాలి, స్కాన్ చేయాలి, విడదీయాలి, మళ్ళీ ఎక్కించాలి. కాలువ లాకుల దగ్గర పడవ ఆగినట్టు పార్సిల్ ఆగుతుంది.

నాలుగు, చివరి కొన్ని కిలోమీటర్లు. మనకు అసలు దెబ్బ ఇక్కడే. మా బావకు పార్సిల్‌కు ఇంత అని ఇచ్చేవాళ్ళు, పెట్రోలు ఆయనదే. నెల్లూరు టౌనులో ఒక వీధిలోనే పది పార్సిళ్ళు పడతాయి. మన కాలనీల వైపు 14 కిలోమీటర్లు పోతే రెండు పార్సిళ్ళు. "అరేయ్, నాకు పెట్రోలు కూడా రాదురా, అందుకే ఐదారు పోగయ్యే దాకా ఆపుతాం" అన్నాడు. "ఫోన్ కలవలేదు" అనే మెసేజ్ వెనక ఒక్కోసారి ఉండే నిజం ఇదే. ఆ అబ్బాయి మీద కోపం పెట్టుకుని లాభం లేదు. వాడూ మనలాంటోడే, మనలో కొందరు చేసే పనే అది.

పది నిమిషాల డెలివరీ కూడా ఇదే లెక్క. బ్లింకిట్, జెప్టో, ఇన్‌స్టామార్ట్ లాంటివి పెద్ద నగరాల్లో వీధుల మధ్యే చిన్న గిడ్డంగులు పెట్టి, రెండు మూడు కిలోమీటర్ల లోపలే ఇస్తాయి. బండి నడిపేవాడు గాలిలో ఎగరడు. ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి, సరుకు సందు చివరే ఉంటుంది. పుస్తకాలు అమ్ముతూ 2007లో బెంగళూరులో మొదలైన ఫ్లిప్‌కార్ట్, 2013లో మన దేశానికి వచ్చిన అమెజాన్ ఇద్దరూ ఏళ్ళ తరబడి గిడ్డంగుల మీద, సొంత డెలివరీ మీద డబ్బు పోసింది అందుకే.

ఐదు, అడ్రస్. డోర్ నంబర్, వీధి పేరు ఉన్న ఇంటికి ఎవరైనా పోతారు. "ఎస్టీ కాలనీ, గుంటల పక్కన" అని రాస్తే పాత మనిషికి తెలుస్తుంది, కొత్తగా చేరిన అబ్బాయికి తెలియదు.

ఈ ఐదూ కలిపి చూస్తే మా రూమ్మేట్ పుస్తకం ముందు రావడంలో వింత లేదు. వాడు కొన్న వ్యాపారి పుస్తకం ముందే గిడ్డంగిలో ఉండింది. లారీ రాత్రికి రాత్రి పెద్ద రోడ్డు మీద నెల్లూరు వచ్చింది. హాస్టల్‌కు ఆ రోజే ఇంకో పాతిక పార్సిళ్ళు ఉండాయి. మాది ఎక్కడో ఉత్తరాది షాపు నుంచి బయల్దేరి, ముగ్గురి చేతులు మారి, చివర్లో బోర్డు లేని కాలనీ కాడ ఆగింది. అమ్మ చెప్పిన తలరాతలో ఒక్క అక్షరం కూడా దేవుడు రాసింది లేదు. అంతా మనుషులు వేసుకున్న లెక్క. మనుషులు వేసిన లెక్కను మనుషులు మార్చొచ్చు.

7. మనం చేయగలిగింది

పెద్ద మాటలు చెప్పను. మా కాలనీలో చేసినవి, చేయాలనుకుంటున్నవి రాస్తా.

పరీక్ష పుస్తకం, అప్లికేషన్ లాంటి టైము ముఖ్యమైనవి ఆర్డర్ పెట్టేముందు మన పిన్ కోడ్ కొట్టి, వచ్చే తేదీ చూడండి. రేటు పది రూపాయలు తక్కువని దూరపు వ్యాపారి దగ్గర కొనొద్దు. నేను చేసిన తప్పు అదే. పోస్టులో పంపే ప్రచురణకర్త ఉంటే పోస్టులోనే తెప్పించండి.

కాలనీలో పది మంది ఒకే వారం ఆర్డర్ పెట్టండి. రెండు పార్సిళ్ళకు రానోడు పది పార్సిళ్ళకు వస్తాడు. మెయిన్ రోడ్డు మీద నమ్మకమైన చిల్లర కొట్టు అన్నను అడిగి, ఆ కొట్టు పేరు, ఫోన్ నంబరు అడ్రస్‌లో పెట్టండి. మేం ఇట్టా చేసినప్పటి నుంచి తిరిగి పోయిన పార్సిల్ లేదు.

కాలనీకి పేరు బోర్డు, ఇళ్ళకు డోర్ నంబర్ల కోసం సచివాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. బోర్డు పార్సిల్ కోసమే కాదు. రాత్రిపూట 108 బండి వచ్చినా ఆ బోర్డే చూస్తుంది. కాన్పు నొప్పులతో ఉన్న అక్కకు పదకొండు రోజులు కాదు, పదకొండు నిమిషాలు కూడా ఎక్కువే.

ఇంకోటి. 2025 మే నెలలో తపాలా శాఖ డిజిపిన్ అని కొత్తది తెచ్చింది. దేశాన్నంతా నాలుగు మీటర్ల పొడుగు, నాలుగు మీటర్ల వెడల్పు గళ్ళుగా కోసి, ప్రతి గడికీ పది అక్షరాల కోడ్ ఇచ్చారు. డోర్ నంబర్ లేని గుడిసెకు కూడా కోడ్ ఉంటుంది. ఐఐటీ హైదరాబాదు, ఇస్రోకు చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీ కలిసి దీన్ని తయారు చేసినాయి. ఇస్రో అంటే మనకు శ్రీహరికోట గుర్తొస్తుంది గదా. 1969లో ఆ దీవిని రాకెట్ల కోసం ఎంచుకున్నారు, 1971లో మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. అక్కడ ఉన్న మనోళ్ళు ఇల్లు, అడవి వదిలి బయటికి వచ్చారు. ఆ సంస్థ చేయి ఉన్న కోడ్‌తోనే ఇప్పుడు మన ఇంటికి అడ్రస్ అడుగుదాం. అది మనకు రావాల్సిన బాకీ అనుకుంటా నేను.

మా తమ్ముడు ఈ ఏడాది మళ్ళీ పరీక్ష రాస్తున్నాడు. పుస్తకం ఈసారి నేనే బస్సులో తీసుకుపోయి ఇచ్చినా. పోయిన ఏడాది ఆలస్యంగా వచ్చిన పుస్తకం కూడా వాడే చదువుతున్నాడు, మా నాయన ఒక రోజు కూలి పెట్టి తెచ్చింది గదా, అట్ట వేసి దాచుకున్నాడు.

చివరిగా ఒక పని అడుగుతున్నా. ఈ పోస్టు కింద మీ కాలనీ పేరు, పిన్ కోడ్, పార్సిల్ ఎన్ని రోజులకు వస్తుంది, ఇంటి దాకా వస్తుందా, ఎక్కడ ఆగిపోతుంది అని ఒక్క లైను రాయండి. ఫోన్ నంబర్లు పెట్టొద్దు. నేను అన్నీ ఒక కాగితం మీద ఎక్కించి, మన గ్రూపు తరఫున తపాలా శాఖకూ కలెక్టర్ గారికీ ఇద్దాం అనుకుంటున్నా. మనం ఎక్కడున్నామో వాళ్ళు రాసుకున్న రోజులు అయిపోయాయి. ఈసారి మనమే రాసిద్దాం.

తప్పులుంటే చెప్పండి, సరిచేసుకుంటా.